ఆపితే మర్చిపోతాడు

మా తమ్ముడు మోయిన్‌కి సొంత కంప్యూటర్ లేదు. ఉన్నదల్లా మెడలో నల్లతాడుకు వేలాడే ఒక పెన్‌డ్రైవ్. "నా కంప్యూటరంతా ఇందులోనే ఉంది ఆపా," అనేవాడు ఈ అక్కతో. గురజాలలో మందుల షాపు సిస్టం ఆగిపోయినా, ఫొటో స్టూడియోది తెరుచుకోకపోయినా వాడికే ఫోన్ వచ్చేది. వాడు వెళ్ళి ఆ పెన్‌డ్రైవ్ గుచ్చేవాడు. లోపలి సిస్టం చచ్చిపోయినా సరే, పెన్‌డ్రైవ్‌లో ఉన్న సిస్టంతో ఆ కంప్యూటర్ లేచేది. లోపల ఇరుక్కుపోయిన పెళ్ళి ఫొటోలూ బిల్లులూ బయటికి తీసిచ్చి, పెన్‌డ్రైవ్ పీకి మెడలో వేసుకుని ఇంటికొచ్చేవాడు.

ఇంట్లో ఒక పాత లాప్‌టాప్ ఉండేది. ఎవరో పారేస్తుంటే తెచ్చాడు. దానికి హార్డ్‌డిస్క్ లేదు, బ్యాటరీ పనిచేయదు. వైరు ప్లగ్గులో పెట్టి, పెన్‌డ్రైవ్ గుచ్చితేనే నడిచేది. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని. ఒకసారి దాంట్లో పిల్లలకి ప్రశ్నాపత్రం టైపు చేస్తుంటే కరెంటు పోయింది. మళ్ళీ తెరిస్తే ఒక్క అక్షరం లేదు.

"నడిచినంతసేపే దానికి గుర్తు," అన్నాడు మోయిన్ నవ్వుతూ. "ఆపితే అంతా మర్చిపోద్ది. మళ్ళీ పెడితే అప్పుడే పుట్టినట్టు లేస్తది."

పోయిన వానాకాలం పిడుగురాళ్ళలో ఎవరిదో కంప్యూటర్ చూడటానికి బండి మీద వెళ్ళాడు. తిరిగొస్తుంటే వానలో బండి జారింది. వెనకాల సున్నం లోడు లారీ వస్తోంది...

ఇంటికి తెచ్చినప్పుడు ముఖం మీద గుడ్డ తియ్యలేదు. మా అమ్మీ మహమూదా ఒక్కసారి చూస్తానని అందరి కాళ్ళూ పట్టుకుంది. మగవాళ్ళు వద్దన్నారు. అలాగే తీసుకెళ్ళిపోయారు. మా నాన్న చనిపోయినప్పుడు కూడా అమ్మీ అంతలా ఒంగిపోలేదు. ఫాతిహా ప్రార్థనలన్నీ అయిపోయి చుట్టాలు వెళ్ళిపోయాక, ఆమె అన్నం ముందు కూర్చునేది, రెండు మెతుకులు కలిపేది, లేచిపోయేది.

"ఫొటోలున్నాయి, కానీ వాడి గొంతు ఎక్కడా లేదు గదే," అంది ఒక సాయంత్రం. "ఆ కంప్యూటర్లో ఏమన్నా ఉందేమో చూడు."

ఆసుపత్రి వాళ్ళు కవర్లో పెట్టిచ్చిన సామాన్లు బీరువాలో ఉన్నాయి. పెన్‌డ్రైవ్ తాడు తెగి ఉంది. దాని సందుల్లో తెల్లగా సున్నం గడ్డకట్టి ఉంది. పిన్నుతో గీకి, గుడ్డతో తుడిచాను.

పొద్దుగూకాక మగ్రిబ్ నమాజు అయింది. బయట ముసురు. మిరప మొక్కలకి కొట్టిన మందు వాసన ఊళ్ళోకి కూడా వస్తోంది. లాప్‌టాప్ ప్లగ్గులో పెట్టి పెన్‌డ్రైవ్ గుచ్చాను. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు పరుగెత్తాయి. తర్వాత ఖాళీ నీలం తెర వచ్చింది. అన్ని చోట్లా వెతికాను. పాట లేదు, ఫొటో లేదు, వీడియో లేదు. వాడు చెప్పినట్టే అందులో ఏదీ నిలవలేదు.

"ఏం లేదమ్మీ," అని ఆపెయ్యబోయాను.

తెర మధ్యలో టైపు చేసే పేజీ ఒకటి దానంతటదే తెరుచుకుంది.

ఒక కీ కిందికి దిగింది. నా చేతులు ఒళ్ళో ఉన్నాయి. ఇంకో కీ దిగింది. మెల్లగా... ఆగి ఆగి... ఎవరో చీకట్లో తడుముకుంటున్నట్టు.

*ఆపా, వాన తగ్గిందా?*

గదిలో ఏదో వాసన మొదలైంది. తడిసిన సున్నం వాసన. గొంతులో మంట పుట్టించే వాసన.

"ఏందే? ఏం రాసుంది?" అమ్మీకి ఉర్దూ తప్ప చదవడం రాదు.

చదివి చెప్పాను. ఆమె భయపడుతుందనుకున్నాను. భయపడలేదు. మోకాళ్ళ మీద ముందుకు జరిగి తెర పక్కన కూర్చుంది.

"తిన్నాడేమో అడుగు," అంది.

టైపు చేశాను.

*ఇంకా లేదు. దారిలో ఉన్నా. అమ్మీని తినేసి పడుకోమను.*

చదివాను. అమ్మీ లేచి వంటింట్లోకి వెళ్ళింది. కంచం నిండా అన్నం పెట్టుకొచ్చి, తెర ముందు కూర్చుని, చివరి మెతుకు వరకూ తింది. వాడు పోయాక ఆమె కడుపు నిండా తినడం అదే మొదలు. తింటూనే ఉంది, కళ్ళ నుంచి కారుతూనే ఉంది.

కీలు మళ్ళీ కదిలాయి. ఈసారి వేగంగా.

*ఆపా, ఇక్కడ లైట్లు లేవు.*

*ఆపా, నా చెయ్యి కనపడట్లేదు.*

"ఏమంటన్నాడు?"

"వస్తున్నాడంట అమ్మీ."

*వెనక ఏదో వస్తంది. చానా పెద్ద లైట్లు. ఆపా... ఆపా... ఆ...*

కీలన్నీ ఒక్కసారిగా కిందికి నొక్కుకుపోయాయి. పెద్ద బరువేదో వాటి మీద ఎక్కినట్టు. లాప్‌టాప్ ఒళ్ళు కిర్రుమంది. నేను గోడ దగ్గరికి దూకి వైరు లాగేశాను.

"కరెంటు పోయింది," అన్నాను.

మర్నాడు సాయంత్రం అమ్మీ తలదువ్వుకుని, ఉతికిన దుపట్టా వేసుకుని లాప్‌టాప్ దగ్గర కూర్చుంది. ఆమె ముఖం చూసి వద్దనలేకపోయాను.

*ఆపా, వాన తగ్గిందా?*

వాడికి నిన్నటిది గుర్తు లేదు. ఏదీ గుర్తు లేదు. మళ్ళీ అప్పుడే బయల్దేరినట్టు మాట్లాడాడు. బండిలో పెట్రోలు తక్కువుందన్నాడు. నకరికల్లులో ఎవరో కొత్త కంప్యూటర్ కొంటున్నారు, నన్నూ తీసుకెళ్ళి చూపిస్తానన్నాడు. అమ్మీ నవ్వింది. పెళ్ళి సంగతి ఎత్తింది. *నీ ఇష్టం అమ్మీ* అని వాడు రాస్తే, నా భుజం పట్టుకుని మళ్ళీ చదివించుకుంది. అంతలో గదిలో సున్నం వాసన ఎక్కువైంది. *ఆపా, ఇక్కడ లైట్లు లేవు...*

నేను వైరు లాగాను.

ఆ తర్వాత ప్రతి సాయంత్రం అంతే. అమ్మీ కోలుకుంది. బజారుకెళ్ళింది, పక్కింటి నజీమా ఆంటీతో మాట్లాడింది, వాడికిష్టమైన ఖీమా వండింది. నేను మాత్రం స్కూల్లో బోర్డు మీద రాస్తూ మధ్యలో ఆగిపోయేదాన్ని. రోజూ అమ్మీ కడుపు నిండాక వాడు లారీ కింద పడుతున్నాడు. ఒకసారి చచ్చిన పిల్లాణ్ణి రోజూ లేపి, రోజూ రోడ్డు మీదికి పంపుతున్నాం. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు. వైరు ఎంత తొందరగా లాగినా, ఆ చివరి మాటలు నేను చదవకుండా ఉండలేకపోయేదాన్ని. *నొప్పిగా ఉంది ఆపా* అని ఒక రోజు. *బయటికి తియ్యి* అని ఇంకో రోజు.

ఒక సాయంత్రం వైరు లాగి, "కరెంటు పోయిందమ్మీ," అన్నాను.

అమ్మీ తలెత్తి పైకి చూసింది.

"ఫ్యాన్ తిరుగుతంది గదే."

నేను చేతిలోని వైరు కింద పెట్టాను.

"నాకు చదివి చెప్పకుండా ఏం దాస్తన్నావు అల్ఫియా?"

అంతా చెప్పాను. ఒక్క మాట కూడా దాచలేదు. అమ్మీ నాకు వినపడీ వినపడనట్టు, "రోజూనా?" అంది. "నేను తిన్న ప్రతిరోజూనా?"

మర్నాడంతా ఆమె ఉపవాసం ఉంది. సాయంత్రం నీళ్ళు తాగి, నమాజు చేసుకుని, "పెట్టు. ఇదే ఆఖరు," అంది.

*ఆపా, వాన తగ్గిందా?*

"నేను చెప్పింది చెప్పినట్టు రాయి," అంది అమ్మీ. "బేటా, నువ్వు ఇంటికి రాలేదు. దారిలో లారీ కింద పడ్డావు. నిన్ను మట్టిలో పెట్టొచ్చారు."

రాశాను. కన్నీళ్ళకి అక్షరాలు కనపడలేదు.

కీలు కదల్లేదు. బయట చూరు నుంచి నీళ్ళు పడుతున్నాయి. ఒక కీ సగం దిగి, మళ్ళీ లేచింది. ఇంకొకటి దిగింది.

*అమ్మీ నన్ను చూసిందా?*

"చూడలేదని రాయి. చూడనియ్యలేదు. నా కళ్ళల్లో నువ్వు పొద్దున బండి తుడుచుకుంటా నవ్విన ముఖమే ఉందని రాయి."

*మంచిదే* అని వచ్చింది. కాసేపాగి, *అమ్మీ, భయమేస్తంది.*

అమ్మీ తెర మీద అరచెయ్యి ఆనించింది. చిన్నప్పుడు వాడికి జ్వరమొస్తే నుదుటి మీద పెట్టినట్టే. "నేనిక్కడే ఉన్నా. కళ్ళు మూసుకో నాన్నా. రోడ్డు చూడమాక. నా గొంతే విను," అని కళ్ళు మూసుకుని సన్నగా ఖురాన్ సూరా చదవడం మొదలుపెట్టింది. నేను ఆమె మాటలు రాయలేదు. రాయక్కర్లేదనిపించింది.

సున్నం వాసన కొంచెం కొంచెంగా తగ్గింది. లైట్లు లేవన్న మాట రాలేదు. లారీ రాలేదు.

*నొప్పి లేదు* అని వచ్చింది. తర్వాత, *ఆపా, ఇంక తీసెయ్.*

పెన్‌డ్రైవ్ పట్టుకుని పీకాను. నా గుప్పిట్లో అది వెచ్చగా ఉంది. తెర వెంటనే ఆరిపోలేదు. వాడు రాసిన ఆఖరి మాట ఇంకా అక్కడే ఉంది. పీకాక కూడా కాసేపు అలా ఉంటుందని వాడే చెప్పేవాడు. అమ్మీ చెయ్యి తెర మీదే ఉంది, పెదవులు కదులుతున్నాయి. ఎన్నో రోజుల తర్వాత ఆమె ముఖంలో ప్రశాంతత కనిపించింది. నాకూ గుండెల మీద బరువేదో దిగినట్టయింది.

ఇక వైరు తీద్దామని లేచాను.

కీ చప్పుడైంది.

మోయిన్ తడుముకుంటూ కొట్టేవాడు. ఇది అలా లేదు. అన్ని వైపుల నుంచీ, ఒకేసారి, చాలా వేళ్ళు...

*ఆ అబ్బాయి వెళ్ళిపోయాడా అమ్మా?*

*ఇప్పుడు మేం మాట్లాడొచ్చా?*

అమ్మీ కళ్ళు తెరవకుండానే నవ్వింది.

"ఇంకా ఏదో చెప్తన్నాడు," అంది. "చదువు."