మలుపు దగ్గర నీళ్ళ సీసా

వరంగల్‌లో బైకులంటే పడిచచ్చే కుర్రాళ్ళను ఎవరినైనా అడగండి. వియత్నాంలో ఒక కొండ మలుపు ఉందట, పొద్దుగూకాక అక్కడ ఆగకూడదట, తెల్లబట్టల ముసలిది వెంటపడుతుందట! స్టేషన్ ఘన్‌పూర్ దాటి ఎరగనివాళ్ళు కూడా కళ్ళారా చూసినట్టే చెబుతారు.

ఆ మలుపుకు ఆ చెడ్డపేరు ఎలా వచ్చిందో నాకు మా పక్కింటి ఆసిమా చెప్పింది. చెబుతున్నంతసేపూ తల ఎత్తలేదు.

ఆసిమా తమ్ముడు జుబేర్. వియత్నాం వెళ్ళి, అద్దె బైకు తీసుకుని, ఒకవైపు కొండ, ఒకవైపు సముద్రం ఉన్న దారుల్లో ఒంటరిగా తిరిగాడు. వీడియోల్లో ఒకటే కోతలు... భయమంటే ఏమిటో తెలియదని. నిజానికి హెల్మెట్ లోపల అక్కకు ఫోన్ కలిపి పెట్టుకుంటే తప్ప సాయంత్రాలు బండి కదిలించేవాడు కాదు మహానుభావుడు.

ఆ రోజు ఇక్కడ ఇంకా ఎండగానే ఉంది. ఆసిమా డాబా మీద ఆరిన బట్టలు తీస్తోంది. అక్కడ మాత్రం వాన వెలిసి, కొండంతా మంచు కమ్మి, చీకటి పడుతోంది.

"ఆపా, ఈడ గూడ చలివేంద్రం పెట్టిండ్రు!" అన్నాడు జుబేర్ అక్కతో సంబరంగా.

మలుపులో చిన్న రేకు కప్పు, దాని కింద నీళ్ళ సీసాలు. వాళ్ళ నాన్న ఏటా ఎండాకాలం వర్ధన్నపేటలో తన కొట్టు ముందు చలివేంద్రం పెట్టేవాడు. దారి పక్కన నీళ్ళు పెట్టారంటే దాహమైనవాడి కోసమే కదా! నడుముకున్న సంచీ విప్పి అక్కడ పెట్టి, ఒక సీసా మూత తీసి గటగటా తాగాడు.

తాగుతూ తాగుతూ ఆగిపోయాడు.

"ఆపా..." గొంతు గుసగుసలోకి దిగింది. "ఇది చలివేంద్రం కాదు."

సీసాల వెనక ఒక కుర్రాడి ఫోటో. దాని ముందు వానకు తడిసి ఆరిపోయిన అగరుబత్తీలు. చనిపోయినవాడికి పెట్టిన నీళ్ళు...

"ఆయతుల్ కుర్సీ చదువుకుంట బయల్దేరురా!" అంది ఆసిమా. ఆపద కాచే ఆ ఖురాన్ వాక్యాన్ని తనూ చదవసాగింది.

సగం తాగిన సీసా జాకెట్‌లో కుక్కుకుని బండెక్కాడు. రెండు మలుపులు దిగాడో లేదో, అద్దంలో ఒక వెలుగు. మంచులో తెల్లగా ఏదో రెపరెపలాడుతోంది...

"ఆపా... ఎన్క ఎవరో వస్తాండ్రు."

"సూడకు!"

వెలుగు దగ్గరైంది. ఆడగొంతు... పిలుస్తోంది. ఏ భాషో తెలియదు. ఇంకా దగ్గరికి...

జుబేర్ కెవ్వున అరిచి, జాకెట్‌లోని సీసా తీసి వెనక్కి విసిరాడు.

దబ్బున చప్పుడైంది. వెలుగు రోడ్డు మీదికి ఒరిగిపోయింది. అయినా వాడు బండి ఆపలేదు.

కొండ దిగువన, సముద్రం ఒడ్డున ఒక టీ కొట్టులో పడ్డాడు. చేసిన మొదటి పని ఏమిటంటే, హెల్మెట్ కెమెరాలోని వీడియో ఊరికి పంపడం. "దెయ్యాన్ని కొట్టి వచ్చిన" అని. టీ చల్లారేలోపే పరకాల నుంచి చుట్టాలు ఆసిమాకు మెసేజ్ మీద మెసేజ్.

అప్పుడు బయట ఒక స్కూటర్ ఆగింది. తలుపు దగ్గరికి ఆమె వచ్చింది.

ముసలావిడ. తెల్లటి ప్లాస్టిక్ వానకోటు మోకాలి దగ్గర చిరిగింది. నుదుటి మీద నెత్తురు. ఒక చేతిలో జుబేర్ సంచీ... పాస్‌పోర్టు అందులోనే ఉంది. రెండో చేతిలో నిండు నీళ్ళ సీసా. రెండూ వాడి ముందు పెట్టి, కొట్టువాడి ఫోన్‌లో ఏదో చెప్పింది. ఆ ఫోన్ ఇంగ్లీషులోకి మార్చి చదివింది.

"పిలిచాను, నువ్వు ఆగలేదు. దాహమైతే ఇంకొకటి తాగు. మెల్లగా వెళ్ళు. నా కొడుకు ఆ మలుపులోనే పోయాడు."

"మాఫీ అడుగురా," అంది ఆసిమా, ఇంకా పెట్టెయ్యని ఫోన్‌లోంచి వాడి చెవిలో. "కొట్టింది నేనే అని చెప్పు."

జుబేర్ "థాంక్యూ" అన్నాడు. అంతే.

వీడియో తీసేశాడు గానీ, అప్పటికే అది ఊళ్ళు దాటిపోయింది. నిజం చెప్పమని అక్క ఎన్నిసార్లు పోరినా ఒకటే మాట: "ఇజ్జత్ పోతది ఆపా." ఆ ఇజ్జత్ నీళ్ళసీసాతోపాటే కొండ మీద పోయిందని వాడికి తెలియదా? తెలుసు. అందుకే అక్క ఎదురైతే కళ్ళు దించుకుంటాడు.

మొన్న వాడి స్నేహితుడు రాకేష్ అదే దారిలో వెళ్ళి వాయిస్ మెసేజ్ పంపాడు. అక్కాతమ్ముళ్ళు పక్కపక్కన కూర్చుని విన్నారు.

"భాయ్, నిజంగనే ఉన్నది! తెల్లకోటు ముసల్ది రోడ్డు మీదికొచ్చింది. నీళ్ళసీసా పట్టుకొని ఆగుమని చెయ్యి ఊపుతాంది. నేను ఆగుతనా? నీ లెక్కనే సీసా తీసి ఒక్కటిచ్చిన!"