ఆగిపోయిన కణాలు

"మందు మార్చేస్తున్నారు, వాళ్లు..." అన్నాడు ప్రొఫెసర్ ఫోన్‌లో. మాట పూర్తికాకుండానే తూటా మెడ వెనక దూరి గొంతులోంచి బయటికొచ్చింది. ఉదయం పదిన్నర. మైక్రోస్కోప్ తెరమీద, చిమ్మిన నెత్తురు వెనక, క్యాన్సర్ కణాలు పాకుతూనే ఉన్నాయి.

ఆ ఫోన్ అందుకున్నది గూఢచారి విభాగం చీఫ్. పదకొండు కల్లా పిన్నిని పిలిపించాడు. యాభై రెండేళ్ల ఏజెంట్. ఆఫీసులో చిన్నాపెద్దా అందరికీ ఆవిడ పిన్నే.

"కణం కదలాలంటే లోపల ఆక్టిన్ అనే పోగులు పెరగాలి పిన్నీ. కోఫిలిన్ అనే ప్రొటీన్ వాటిని కత్తిరిస్తుంది. తెగిన కొసలు మళ్లీ పెరిగి కణాన్ని ముందుకు తోస్తాయి. రోగం అలా ఒళ్లంతా పాకుతుంది. ప్రొఫెసర్ మందు ఆ కత్తెరను కట్టేస్తుంది."

"మార్చిన మందో?"

"కత్తెరను రెచ్చగొడుతుంది. విదేశీ ముఠా పని, మన నిఘావాళ్లు ఇప్పుడే కనిపెట్టారు. పన్నెండింటికి మొదటి ఇంజెక్షన్. పేషంట్ పోతే ఈ మందు జోలికి ఇంకెవరూ పోరు. ఫార్ములా వాళ్లదవుతుంది."

"ఆస్పత్రికి ఫోన్ చెయ్యి బాబూ!"

"లైన్లు కోసేశారు. అసలు మందు ఒక్క సీసానే ఉంది, ముందు అది పట్టండి. ల్యాబ్ అసిస్టెంట్ మన మనిషే."

పదకొండున్నరకి ఆయా యూనిఫాంలో, చెవిటి మిషన్‌లో ట్రాన్స్‌మిటర్‌తో, పిన్ని ఆస్పత్రి కింది అంతస్తులోని ల్యాబ్‌లో అడుగుపెట్టింది. ప్రొఫెసర్ శవం కుర్చీలోనే ఉంది. పక్కన ల్యాబ్ అసిస్టెంట్. ఎర్ర లిప్‌స్టిక్, సినిమా తారలాంటి అందం.

"కాళ్లు లాగుతున్నాయా?" కోడ్ అడిగింది పిన్ని.

"నడక మానేస్తే తగ్గుతాయి." అసిస్టెంట్ సీసా చూపించింది. "దొంగ మందు ఇదే పిన్నిగారూ. నేనే ఆపేశాను. అసలుది వార్డుకి వెళ్లిపోయింది. గెలిచాం!"

పిన్ని నవ్వింది. సిరంజితో ఒక చుక్క తీసి తెరకింది కణాల మీద వేసింది.

"ఎందుకు పిన్నిగారూ, టైం దండగ!"

చాచుకున్న అంచులు ఒక్కొక్కటే ముడుచుకున్నాయి. కాసేపట్లో కణాలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

"అసలు మందు ఇదేగదే అమ్మాయ్!"

అసిస్టెంట్ చేతిలో పిస్టల్ పేలింది. పిన్ని ఎడమ భుజం చీలింది. రెండో తూటా వచ్చేలోగా ఆవిడ స్టూలెత్తి ఆ మణికట్టు మీద కొట్టింది. ఎముక పుటుక్కుమంది. తలుపు చాటునున్న బండమనిషి వెనక నుంచి ఆవిడ గొంతు పట్టేశాడు. కళ్లు బైర్లు కమ్ముతుంటే, చేతికందిన గాజు గొట్టం విరిచి అతని తొడలో దింపి మెలితిప్పింది. పట్టు సడలింది. జారిన పిస్టల్ ఆవిడ చేతికొచ్చింది. ఒకే గుండు, అతని కణతలో. విరిగిన చేత్తోనే అసిస్టెంట్ కత్తి దూసి మీదపడింది. ఇంకో గుండు.

పదకొండు యాభై ఎనిమిది. సీసా గుప్పిట్లో పెట్టుకుని, నెత్తురోడుతూ, మూడంతస్తులు ఎక్కింది పిన్ని.

వార్డులో పేషంట్, ఒక వడ్రంగి, చొక్కా చెయ్యి మడిచి పడుకున్నాడు. డాక్టర్ సూది గుచ్చాడు. పిస్టన్ మీద బొటనవేలు.

"ఆపండి!"

డాక్టర్ ఆగలేదు. నొక్కబోయాడు. పిన్ని కాల్చింది. సిరంజి, దాంతోపాటు రెండు వేళ్లు ఎగిరిపోయాయి. డాక్టర్ రెండో చేతిలో రివాల్వర్ మెరిసింది. పిన్ని చివరి తూటా అతని గుండెలో దిగింది.

నర్సు చేతిలో అసలు సీసా పెట్టి, పిన్ని నేలమీద కూలబడింది. "ఇప్పుడివ్వమ్మా."

ముఖం నిండా పడ్డ నెత్తురు తుడుచుకుంటూ వడ్రంగి గొణిగాడు: "సైడ్ ఎఫెక్టులు ఉంటాయన్నారు గానీ, మరీ ఇంతనుకోలేదు."