పక్క ట్యూబు

జ్యోత్స్న రక్తం ఫ్రీజర్‌లో భద్రంగానే ఉంది; కంప్యూటర్లో మాత్రం దాన్ని ఎవరో చెరిపేశారు.

ఆమె స్క్రీన్‌ని పైకీ కిందికీ జరిపి చూసింది. రవికిరణ్ శాంపిల్ ఉంది. దాని పక్కన ఉండాల్సిన తన శాంపిల్ లేదు. ఆ తర్వాతది మళ్ళీ ఉంది. నవ్వే నోట్లో ఒక పన్ను ఊడినట్టు మధ్యలో ఖాళీ.

ఇంకెవరైనా అయితే దొంగ ఎవరా అని ఆలోచించేవాళ్ళు. జ్యోత్స్నకు ముందు ఉక్రోషం ముంచుకొచ్చింది.

'ఆఖరికి కంప్యూటర్ల గూడ నా పక్కన ఉండలేకపోయిండన్నమాట!'

ఆ ఉక్రోషం వెనక ఓ కథ ఉంది.

మాదాపూర్‌లో ఓ అద్దాల మేడ నాలుగో అంతస్తు వాళ్ళ ల్యాబ్. కింది అంతస్తుల్లో బ్యాంకుల సాఫ్ట్‌వేర్ తయారవుతుంటే, పైన వీళ్ళు పసిపిల్లలకు బ్లడ్ క్యాన్సర్ ఎందుకొస్తుందో జన్యువుల్లో వెతుకుతుంటారు. రక్తం తీసి, అందులోంచి డీఎన్‌ఏ వేరుచేసేది జ్యోత్స్న. ఆ డీఎన్‌ఏని మెషిన్ చదివాక కంప్యూటర్లో జల్లెడ పట్టేది రవికిరణ్.

జబ్బుపడ్డ పిల్లవాడి జన్యువులో ఒక అక్షరం తేడాగా కనిపించినంత మాత్రాన సరిపోదు. అదే తేడా ఏ జబ్బూ లేని మనవాళ్ళలోనూ ఉందేమో చూడాలి. ఉంటే అది నిర్దోషి కావచ్చు. లేకపోతే దాని మీద అనుమానం బలపడుతుంది. విదేశాల వాళ్ళు పోగేసిన జన్యువుల లెక్కల్లో మనవాళ్ళు తక్కువ. అందుకని ల్యాబ్ హెడ్ జయంతి మేడం ఓ మధ్యాహ్నం అందరికీ సమోసాలు తెప్పించి, "తిన్నవాళ్ళంతా రక్తం ఇవ్వాలి" అని ప్రకటించింది. ట్యూబుల మీద పేర్లుండవు, నంబర్లే. ఎవరిది ఏదో ఎవరికీ తెలియకూడదు. అది రూలు.

ఆ రూలు రవికిరణ్ దగ్గర తప్పింది.

"చెయ్యి చాపుండ్రి సార్" అంది జ్యోత్స్న. అతను కొత్తగా చేరాడు. ఆమె అతన్ని దగ్గరగా చూడటం అదే మొదటిసారి.

"ఒక్క నిమిషమండి. ఎంత తీస్తారు?"

"రెండు చెంచాలు."

"టీ చెంచాలా? గరిటెలా?"

"ఏంది సార్ మీ పరేషాన్? పొద్దుగాల ఏడేండ్ల పిల్లగాడు కిమ్మనకుంట ఇచ్చిండు."

"వాడు వీరుడండీ. నేను సాఫ్ట్‌వేర్."

సూది ఇంకా చర్మాన్ని తాకనేలేదు. ఆరడుగుల మనిషి నిలువునా వాలిపోయి ఆమె భుజం మీద పడ్డాడు. ముఖం మీద నీళ్ళు చల్లితే కళ్ళు తెరిచి, తన చేతికి ప్లాస్టర్ చూసుకుని లబోదిబోమన్నాడు.

"స్పృహలో లేనప్పుడు తీసేశారా! ఇది అన్యాయం. మీరూ ఇవ్వాలి. ఇప్పుడే. నా కళ్ళ ముందు."

ఆమె ఇచ్చింది. ఆమె ట్యూబు అతని ట్యూబు పక్కన చేరింది.

"మనవి పక్కపక్కనే పడుకున్నాయండోయ్" అన్నాడు అతను గుసగుసగా.

"మైనస్ ఎనభై డిగ్రీల ఫ్రీజర్ల. ఊకె గడ్డ కడ్తయ్, ఎక్కువ ఖుష్ గాకుండ్రి."

ఆ మాటతో మొదలైంది. టీకి కలిసి దిగడం, మెట్రోలో కలిసి ఎక్కడం. కూకట్‌పల్లిలో దిగాల్సిన అతను, ఆమెను ప్రగతి నగర్ ఆటో ఎక్కించేదాకా ఇంటికెళ్ళేవాడు కాదు. అండీలు పోయాయి, సార్లు పోయాయి. జూన్‌లో మొదటి వాన పడ్డ రోజు హైటెక్ సిటీ మెట్రో స్టేషన్ కింద ఇద్దరూ ఒకే గొడుగులో నిలబడ్డారు. గొడుగు ఆమె మీదే ఉంది. అతను సగం తడిసి, పూర్తిగా నవ్వుతున్నాడు.

"ఆదివారం మీ నాన్నగారి దగ్గరికి వస్తాను."

"ఎందుకు?"

"టెంట్ హౌస్ కదా ఆయనది. షామియానా రేటు కనుక్కోవాలి."

"ఎవరి పెండ్లికి?"

"అది ఆయన ముందే చెప్తా."

ఆమె తండ్రి వీరేశానికి కబురు అందింది. ఆదివారం తెల్లారేసరికి ఆయన గోడౌన్ నుంచి పెళ్ళికొడుకులు కూర్చునే ఎర్ర వెల్వెట్ సోఫా దింపించాడు. ఇరుగుపొరుగు నవ్వుతున్నా పట్టించుకోలేదు.

సోఫా మీద సాయంత్రం దాకా పిల్లి పడుకుంది. రవికిరణ్ రాలేదు. ఫోన్ ఎత్తలేదు.

ఆ తర్వాత లిఫ్ట్‌లో ఆమె కనిపిస్తే అతను మెట్లెక్కేవాడు. క్యాంటీన్‌లో ఆమె ఇటు కూర్చుంటే అతను అటు. జ్యోత్స్న అడగలేదు. అడిగితే జవాబు వస్తుంది. ఆ జవాబు తనకు తెలుసనుకుంది: ఇంట్లోవాళ్ళు వద్దనుంటారు, ఇతను సరేననుంటాడు.

కానీ శాంపిల్ మాయమైన ఇవాళ మాత్రం ఆగలేకపోయింది. టీ బండి దగ్గర అతన్ని పట్టుకుంది.

"నా శాంపిల్ ఏది?"

రవికిరణ్ టీ గ్లాసు బండి మీద పెట్టాడు. "క్వాలిటీ బాలేదు. తీసేశాను."

"ఏందీ?"

"డీఎన్‌ఏ సరిగ్గా రాలేదు. అవుతుంటాయి కదా."

"మా బాపు వెల్వెట్ సోఫా ఏస్తే నువ్వు రాలే. నేను ఒక్క మాటన్న అన్ననా? అనలే. కానీ నేను తీసిన డీఎన్‌ఏ పాడైందంటే మాత్రం ఊకోను. గీ చేతుల మీద ఒక్కటి పాడైంది చూపియ్."

"జ్యోత్స్నా, ప్లీజ్. వదిలెయ్."

వదిలేసే మనిషైతే ఈ కథే లేదు. ఆమె పైకెళ్ళి, మేడం అనుమతి తీసుకుని, తన ట్యూబును మళ్ళీ మెషిన్‌కి పెట్టింది. ఏ అనుమానమూ లేదు. పంతం, అంతే.

రెండు రోజుల తర్వాత ఫలితం వచ్చింది. డీఎన్‌ఏ అద్దంలా ఉంది. ఆ అద్దంలో, క్యాన్సర్ జన్యువుల దగ్గర, ఒకే ఒక్క అక్షరం తేడా.

జ్యోత్స్న స్క్రీన్‌కి దగ్గరగా వంగింది. ఆ తేడాను ఆమె ఎరుగును. ఏడేళ్ళ లోహిత్‌లో ఉన్నదదే. సూదికి బెదరని ఆ పిల్లవాడు.

లోహిత్‌కి తగ్గిన జబ్బు తిరగబెట్టింది. ఇక ఎముక మూలుగ మార్పిడే దారి. పన్నెండేళ్ళ అక్క రసజ్ఞ మూలుగ తమ్ముడికి అచ్చంగా సరిపోయింది. ఇల్లంతా గంతులేసింది. అంతలో ఆ అక్షరం తేడా అక్కలోనూ కనిపించింది. జబ్బుకు విత్తనం అదే అయితే, అక్క ఇచ్చే మూలుగలోనూ ఆ విత్తనమే ఉంటుంది. ఆస్పత్రివాళ్ళు ల్యాబ్‌ని అడిగారు: మీరు చూసిన ఆరోగ్యవంతుల్లో ఇది ఎవరికైనా ఉందా?

ల్యాబ్ జవాబిచ్చింది: ఎవరికీ లేదు.

దాంతో అక్కను పక్కన పెట్టారు. వేరే దాత కోసం వెతుకుతూ, జబ్బును ఆపడానికి మందులు ఇంకో విడత ఇచ్చారు. ఆ విడత తట్టుకోలేక, ఇన్ఫెక్షన్‌తో లోహిత్ ఇప్పుడు ఐసీయూలో ఉన్నాడు.

ఎవరికీ లేదు! ఉంది. ఇదుగో, ఈ స్టూలు మీద కూర్చుని ఉంది.

ఆమె సరాసరి రవికిరణ్ సీటు దగ్గరికి వెళ్ళింది.

"నువ్వు చూసినవ్."

అతను అబద్ధమాడలేదు. "చూశాను."

"ఎప్పుడు?"

"మీ ఇంటికి రావాల్సిన ముందురోజు. జబ్బు పిల్లాడిలో ఉన్న తేడానే నా పక్క నంబరులో కనిపించింది, అది నీదని నాకు తెలుసు కదా."

"అందుకు రాలే."

"నీకు తెలిస్తే భయపడతావనీ..."

"నా భయం నాకు చెప్పకుంట నువ్వెట్ల దాస్తవ్? ఎవరిచ్చిండ్రు నీకు ఆ హక్కు? సరే, నా సంగతి ఇడ్సిపెట్టు. లోహిత్?"

రవికిరణ్ తల దించుకున్నాడు. "చెరిపినప్పుడు ఆ పిల్లాడికి అక్క మూలుగ ఇవ్వబోతున్న సంగతి నాకు తెలీదు. వాళ్ళు తర్వాత అడిగారు. తిరిగి పెడితే ఎందుకు తీశావంటారు. రేపు పెడదాం, రేపు పెడదాం అనుకుంటూ..."

"రేపు!" అంది జ్యోత్స్న. వెనక్కి తిరిగి మేడం గదివైపు నడిచింది.

జయంతి మేడం విన్నంతసేపూ కళ్ళజోడు తుడుస్తూనే ఉంది. కోప్పడలేదు. కోప్పడితే బాగుండుననిపించింది రవికిరణ్‌కి.

"నీ సంగతి కమిటీ చూస్తుంది. ఇవాళ్టి నుంచి డేటా ముట్టుకోకు" అంది అతనితో. తర్వాత జ్యోత్స్న వైపు తిరిగింది. "ఒక్క మనిషిలో కనిపించిందని నిర్దోషి అనలేమమ్మా. మీ ఇంట్లో పెద్దవాళ్ళు రక్తం ఇస్తారా? వాళ్ళలోనూ ఉండి, వాళ్ళు నిక్షేపంగా ఉంటే అప్పుడు గట్టిగా మాట్లాడొచ్చు."

వీరేశం అడగ్గానే చొక్కా చెయ్యి మడిచాడు. ఆయన అక్క సక్కుబాయి మాత్రం ఆరా తీసింది. డెబ్బై దాటినా షామియానా గుంజలు ఒంటిచేత్తో ఎత్తే మనిషి ఆమె.

"నా నెత్తురు కంప్యూటర్ల ఏస్తరా బిడ్డా?"

"అవు అత్తమ్మా."

"ఏసి?"

"నువ్వు ఎంత గట్టిగున్నవో ఒక పిల్లగానికి చెప్తం."

"గట్లయితే ఇంకింత తీస్కో. నాకేం ఫికర్ లేదు."

ఇద్దరిలోనూ ఆ తేడా ఉంది. ఇద్దరి రక్తకణాలూ ఉండాల్సినట్టే ఉన్నాయి. మేడం పాత పరీక్షలన్నీ దానికి జోడించి, ఈ తేడా దాదాపు హానిలేనిదేనని ఆస్పత్రికి రాసింది. డాక్టర్లు రసజ్ఞను మళ్ళీ పరీక్షించి సరేనన్నారు.

ఆ సాయంత్రం ప్రగతి నగర్ చెరువు మీద వాన పడుతుంటే, వీరేశం అరుగు మీద కూర్చుని అన్నాడు.

"ఆ పిలగాడు నిన్ను కాదని రాలేదనుకున్న బిడ్డా. అట్ల గాదని తెల్సినంక గూడ నా దిల్ ఖుష్ అయితలేదు, ఎందుకో."

"నాక్కూడ బాపూ" అంది జ్యోత్స్న.

లోహిత్ ఐసీయూ నుంచి బయటికి వచ్చాడు. కాని ఇన్ఫెక్షన్‌ని చంపడానికి వాడిన ఘాటు మందులు వాడి వినికిడిని చాలావరకు తినేశాయి. కొంచెం కోలుకోగానే అక్క మూలుగ ఎక్కిస్తారు. చెవులు మాత్రం తిరిగి రావన్నారు.

ఆ మాట తెలిసిన రోజు రవికిరణ్ ఆమె కోసం గేటు దగ్గర వానలో నిలబడ్డాడు. గొడుగు లేదు.

"జ్యోత్స్నా, నన్ను క్షమించ..."

"నాకు చెప్పకు" అంది ఆమె. గొంతులో కోపం లేదు, అదే అతన్ని ఎక్కువ కోసింది. "నేను నిన్ను ఇయ్యాల గూడ తిట్టలేకపోతున్న. అది నా ఖర్మ. గానీ నా మాఫీతోటి అయ్యేది కాదిది. లోహిత్ వాళ్ళమ్మ సరితక్క దగ్గరికి పో."

"నువ్వు వస్తావా?"

జ్యోత్స్న గొడుగు తెరిచింది.

ఆస్పత్రి మూడో అంతస్తు వరండాలో లోహిత్ తల్లి సరిత బెంచీ మీద ఉన్న ఫ్లాస్కులోంచి పాలు వంచుతోంది. కూకట్‌పల్లిలో బడి టీచరు. నెలల తరబడి బడి ముఖం చూడలేదు. ఇద్దర్నీ చూసి, లేచి, తడిసిన రవికిరణ్‌కి తన కొంగు చివర ఇవ్వబోయి, నవ్వుకుని టవల్ తెచ్చిచ్చింది.

"మీరూ ఈ అమ్మాయి ల్యాబ్‌లోనేనటగా. కూర్చోండి బాబూ. జయంతి మేడంగారు చెప్పారు, లెక్కల్లో ఏదో పొరపాటు జరిగిందని. కంప్యూటర్లన్నాక అవుతాయిలెండి. మీరంతా వెతికి పట్టుకున్నారు. అదే పదివేలు."

తప్పించుకునే దారి తెరిచే ఉంది. అతను తలూపి, నమస్కారం పెట్టి వెళ్ళిపోవచ్చు. జ్యోత్స్న ఆపదు. మళ్ళీ అతని ముఖం కూడా చూడదు.

రవికిరణ్ టవల్ మడిచి బెంచీ మీద పెట్టాడు.

"కంప్యూటర్ కాదండీ. నేను" అన్నాడు. "ఆ తేడా ఆరోగ్యంగా ఉన్న ఒక అమ్మాయిలో ఉంది. అది చూసి నేనే చెరిపేశాను."

"ఎవరి..." సరిత అడగబోయింది.

"నా నెత్తురే అక్కా" అంది జ్యోత్స్న.

రవికిరణ్ సరిత కళ్ళలోకి చూస్తూనే చెప్పాడు.

"ఆమె భయపడుతుందని చెరిపానని ఇన్నాళ్ళూ చెప్పుకున్నానండి. అది అబద్ధం. భయపడింది నేను. రేపు మాకు పుట్టే పిల్లలకి ఇలాంటి జబ్బు వస్తుందేమోనని, మా అమ్మ వద్దంటుందేమోనని, అప్పుడు ఎదురు చెప్పే దమ్ము నాకుండదేమోనని. ఆ తేడా లేకుండా ఉంటే బాగుండుననిపించింది. లేనట్టు చేసేశాను. మా ల్యాబ్ లెక్కల్లో ఎవరికైనా ఉందా అని డాక్టర్లు మీ బాబు కోసం అడిగిన రోజు, ఉందని నేను నోరు తెరిచి ఉంటే వాడికి ఆ విడత మందులు పడేవి కావు. వాడికి ఇవాళ మీ పిలుపు వినపడేది. నన్ను క్షమించమని అడగనండి, అడిగే ముఖం లేదు. ఇంకొక్క మాటుంది. ఈ అమ్మాయంటే నాకు ప్రాణం. ఆ మాట వాళ్ళ నాన్నగారి ముందు చెప్దామనుకున్నాను, చెప్పకుండా పారిపోయాను. మొట్టమొదటిసారి ఇవాళ మీ ముందు చెప్తున్నాను. నా ప్రేమకి మీ బాబు చెవులు పోయాయండీ."