ముందు నా సంచి

లిఫ్టు తలుపులు తెరుచుకున్నాయి. లోపల ఇన్‌ఫార్మర్ అద్దానికి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. చేతిలోని కాఫీ కప్పు ఇంకా వెచ్చగానే ఉంది. మనిషిలో మాత్రం ఊపిరి లేదు.

అతని ఎడమ బూటు అడుగున సన్నటి కాగితం దొరికింది. అందులో మూడే ముక్కలు.

"ఆనకట్ట. ఇవాళ పదింటికి. గొడుగు మోసుకొచ్చేది మనవాళ్ళే."

ఎనిమిదీ ఇరవైకి బ్రీఫింగ్ మొదలైంది. ఫోన్లన్నీ అప్పటికే ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేసేశారు.

"గొడుగు అంటే రిమోట్ ట్రిగ్గర్," అన్నాడు డైరెక్టర్. ఆ కుర్చీలోకి వచ్చి ఆయనకింకా నెల కాలేదు. "విదేశీ ముఠా తయారు చేయించింది. అరచేతిలో పట్టేంత ఉంటుంది. అది కంట్రోల్ రూమ్‌లో ఉంటే చాలు, సరిగ్గా పదింటికి ఆనకట్ట గేట్లన్నీ ఒకేసారి లేస్తాయి. దిగువన రెండు లక్షల మంది ఉన్నారు. గంటన్నరలో ఖాళీ చేయించబోతే తొక్కిసలాటలోనే పోతారు."

గుమాస్తా చేతిలో పెన్సిల్ ఆగిపోయింది. దిగువ పేటలో మొదటి వీధి, మూడో ఇల్లు అతనిదే. పదింటికి భార్య పెరట్లో బట్టలు ఆరేస్తూ ఉంటుంది. తల్లికి మోకాళ్ళ నొప్పులు, డాబా మెట్లు కూడా ఎక్కలేదు.

నెమలి కాలి మీద కాలు వేసుకుని కూర్చుంది. మారువేషంలో రెండేళ్ళు ముఠాలో ఉండి వచ్చిన ఏజెంట్. ఆమె గదిలోకి వచ్చే ముందు సెంటు వస్తుంది, ఆ వెనకే మనిషి వస్తుంది.

"మనవాళ్ళంటే కంట్రోల్ రూమ్ ఇంజనీరు," అంది. "ముఠాతో అతను మాట్లాడటం నా చెవులారా విన్నాను. నేను వ్యాన్‌లోనే ఉంటాను. నా మొహం అతనికి తెలుసు."

డైరెక్టర్ టీమ్ లీడర్ వైపు తిరిగాడు. ఆవిడ అసలు పేరు ఫైళ్ళలో కూడా లేదు. అందరికీ పెద్దమ్మే.

"పదిలోపు ఇంజనీరుని సోదా చెయ్యండి. ఇంకో మాట. ఆ సంచుల తంతు ఇవాళ వద్దు."

పెద్దమ్మ టీమ్‌లో ఒక పద్ధతి ఉంది. ఏ గుమ్మం దాటే ముందైనా సంచులు మార్చుకుని చూడాలి. ఎవరి సంచి వాళ్ళు చూసుకోకూడదు. అందరికన్నా ముందు లీడర్ సంచి చూడాలి, అదీ టీమ్‌లో అందరికన్నా కిందివాళ్ళే చూడాలి. ఆ కిందివాడు ఇప్పుడు గుమాస్తా. ఇరవై ఏళ్ళు ఫైళ్ళు చూసి చూసి నిన్నగాక మొన్న ఫీల్డుకి వచ్చిన నలభై ఎనిమిదేళ్ళ మనిషి. పావురం రెక్క కొట్టినా ఉలిక్కిపడతాడు.

"టీమ్ అంటే నమ్మకం పెద్దమ్మా," అన్నాడు డైరెక్టర్. "రోజూ ఒకళ్ళ సంచి ఒకళ్ళు వెతుక్కుంటే అది టీమా, జైలా?"

"నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయట సార్. ఐదేళ్ళ క్రితం నా తమ్ముడి సంచి చూడకుండా పంపాను. సొంత తమ్ముడు, వాడి సంచి ఏం చూస్తాంలే అనుకున్నాను. వాడు తిరిగి రాలేదు. సంచిలో ఎవరేం పెట్టారో వాడికే తెలీదు పాపం."

"ఇది ఆర్డర్."

"విన్నాను సార్," అంది పెద్దమ్మ. సరేనని మాత్రం అనలేదు.

రంగులు వేసే పనివాళ్ళ వేషంలో వ్యాన్ ఎక్కారు. పాత చొక్కాలు, బ్రష్షులు, మూతున్న ఇనప డబ్బా నిండా బూడిదరంగు పెయింటు. పెద్దమ్మ కాన్వాస్ సంచి గురించి ఆఫీసంతా నవ్వుకుంటుంది. అందులో దూది, కట్టుగుడ్డ, జ్వరం బిళ్ళలు, సూదీదారం, విజిల్, కొవ్వొత్తి, టార్చి ఉంటాయి. టార్చి సెల్స్ వేరే గుడ్డసంచిలో ఉంటాయి. "దానంతటది వెలిగి సెల్స్ అయిపోయాయనుకో, చీకట్లో మన గతేంటి?" అంటుంది.

"పెయింటు ఒలికితే సంచి పాడవుతుంది. ఇలా ఇవ్వండి పెద్దమ్మా," అని నెమలి దాన్ని దారంతా ఒళ్ళో పెట్టుకుంది.

తొమ్మిదీ యాభై. ఆనకట్ట గేటు దగ్గర కాపలావాడు అడిగాడు.

"ఏ రంగు?"

"అడిగిన రంగే."

కోడ్ సరిపోయింది. నెమలి, డ్రైవర్ కిందే ఉండిపోయారు. పెయింటు డబ్బా మోసుకుంటూ తడిసిన ఇనప మెట్లు ఎక్కి పెద్దమ్మ, గుమాస్తా కంట్రోల్ రూమ్ తలుపు చేరేసరికి తొమ్మిదీ యాభై నాలుగు. గాజు పలక అవతల ఇంజనీరు ప్యానెల్ మీదికి వంగి ఉన్నాడు.

చెవిలోని రేడియోలో డైరెక్టర్ అన్నాడు, "ఇంకెందుకు ఆలస్యం? లోపలికి నడవండి."

పెద్దమ్మ తలుపు పిడి మీద చెయ్యి వేసింది. గుమాస్తా అడ్డం వచ్చి నిలబడ్డాడు.

"మీ సంచి, పెద్దమ్మా."

"టైం లేదు. తప్పుకో."

"తప్పుకోను."

"గుమాస్తా," రేడియో గట్టిగా అరిచింది. "నీ ఇల్లు దిగువనే ఉందటగా. నువ్వు ఆపే ప్రతి నిమిషం నీ పెళ్ళాం పీకకే చుట్టుకుంటుంది."

గుమాస్తా తలుపుకి వీపు ఆనించాడు.

"తెలుసు సార్. మా అమ్మ మెట్లెక్కలేదు కూడా. అందుకే చూడాలంటున్నాను. మా ఇల్లుందని పద్ధతి మానితే, ఇక అది పద్ధతేంటి?"

పెద్దమ్మ ఒక్క క్షణం అతన్ని చూసింది. తమ్ముడు గుర్తొచ్చినట్టుంది. సంచి భుజం మీంచి తీసి అతని చేతుల్లో పెట్టింది.

దూది. బిళ్ళలు. విజిల్. కొవ్వొత్తి. అన్నీ ఉన్నాయి, లెక్క సరిపోయింది. గుమాస్తా టార్చి పట్టుకుని ఆగిపోయాడు.

"ఇది బరువుగా ఉంది."

"సెల్స్ ఉంటాయిలే."

"మీరు సెల్స్ ఇందులో ఎప్పుడు పెట్టారు?"

గుడ్డసంచి విప్పాడు. సెల్స్ రెండూ అందులోనే ఉన్నాయి. టార్చి అద్దం లోపల ఆవగింజంత ఎర్రటి వెలుగు కొట్టుకుంటోంది.

మోసుకొచ్చింది మనవాళ్ళే. ఇంకో అడుగు వేసి ఉంటే గొడుగుని పెద్దమ్మే తన చేతులతో లోపలికి చేర్చేది.

తొమ్మిదీ యాభై తొమ్మిది. విసిరేద్దామంటే కింద నీళ్ళు, నీళ్ళ పక్కనే గేట్ల మోటార్లు. ఎర్రచుక్క వేగంగా కొట్టుకుంటోంది. పెద్దమ్మ కాలితో ఇనప డబ్బా మూత ఎగదన్నింది. గుమాస్తా టార్చిని మోచేతి దాకా పెయింటులో ముంచి వదిలేశాడు. ఇనుము దాటి సిగ్నల్ బయటికి పోకుండా మూత బిగించి ఇద్దరూ దాని మీదే కూర్చున్నారు.

పది.

డబ్బాలో ఏదో గుయ్యిమంది. గాజు అవతల ఇంజనీరు ఆవులించి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఒక్క గేటూ కదల్లేదు.

పెద్దమ్మ రేడియో నొక్కి కావాలనే అబద్ధం చెప్పింది. "నెమలీ, మేం లోపలికి వచ్చేశాం. ఇంజనీరు దొరికాడు."

జవాబు రాలేదు. పిట్టగోడ మీంచి చూస్తే, నెమలి డ్రైవర్ సీట్లోకి దూకి స్టీరింగ్ కింద తడుముకుంటోంది. తాళంచెవి అక్కడ లేదు. వ్యాన్ దిగితే తాళంచెవి జేబులో ఉండాలన్నది పెద్దమ్మ పెట్టిన రెండో పద్ధతి. డ్రైవర్ రెండడుగుల దూరంలో నిలబడి దాన్ని వేలికి తిప్పుకుంటున్నాడు.

వాళ్ళు కిందికి దిగేసరికి నెమలి చేతులకి బేడీలు పడ్డాయి.

"రెండేళ్ళు పెద్దపెద్ద ఆఫీసర్ల కళ్ళు గప్పాను," అంది కసిగా. "చివరికి ఒక గుమాస్తానా?"

"ఒక్కడేంటమ్మాయ్," అంది పెద్దమ్మ. "మేం ముగ్గురం. నువ్వు నన్నొక్కదాన్నే లెక్కేసుకున్నావు, అంతే."

మర్నాడు పొద్దున్న ఏడింటికి ఆఫీసు గేటు దగ్గర బల్ల వేశారు. డైరెక్టర్ వచ్చి గుమాస్తా వైపు చూడకుండా తన తోలు బ్యాగు బల్ల మీద పెట్టాడు. గుమాస్తా తీరిగ్గా అన్నీ చూశాడు. చివర్లో మందుల డబ్బా తెరిచి తలెత్తాడు. మోచేతికి బూడిదరంగు ఇంకా వదల్లేదు.

"నిన్నటి బీపీ బిళ్ళ ఇందులోనే ఉంది సార్."

"మర్చిపోయాను. లోపలికెళ్ళి ఇవాళ్టిది వేసుకుంటాలే."

"ఇక్కడే వేసుకోండి. నమ్మకం లేక కాదు."

పెద్దమ్మ సంచిలోంచి నీళ్ళ సీసా తీసి ఆయన ముందు పెట్టింది.