పదకొండు గంటల అప్‌డేట్

ఉదయం ఎనిమిదింటికి ఇంజనీరు చచ్చిపోయాడు. బ్రేకు మీద కాలు పెట్టే ఉన్నాడు. కారు మాత్రం నేరుగా గోడలోకి దూసుకుపోయింది.

"యాక్సిడెంట్ కాదు," అన్నాడు చీఫ్.

రవాణా శాఖ భవనంలో కిటికీల్లేని గది అది. చీఫ్ ఎదురుగా కూర్చున్న ఏజెంట్ ఒకప్పుడు మెకానిక్. గోళ్ళలో గ్రీజు ఇప్పటికీ వదల్లేదు. డిపార్ట్‌మెంట్‌లో అందరూ అతన్ని స్పానర్ అంటారు.

"వాహనాల సైబర్ సెక్యూరిటీ పరీక్షలు ఆయనవే. మన శాఖ పంపే కొత్త అప్‌డేట్‌లో దొంగ కోడ్ ఉందని పట్టేశాడు, సంతకం పెట్టనన్నాడు. ఆయన పోయిన గంటకే ఆ సంతకం ఆయన పేరుతో ఎవడో పెట్టేశాడు. పదకొండింటికి అది నలభై వేల బళ్ళలోకి వెళ్తుంది. ఆ తర్వాత బ్రేకు, స్టీరింగ్ విదేశీ ముఠా చేతిలో ఉంటాయి."

"ఆపెయ్యండి సార్."

"ఎలా ఆపను? ఆపే నంబరు ఆయనకే తెలుసు. ముఠా దాన్ని ఆయన దగ్గర కొట్టేసింది, ఇప్పుడది కోకిల దగ్గరుంది. వెళ్ళి పట్రా."

కోకిల అంటే ముఠాలో ఉన్న మన మనిషి. మన మనిషేనని చీఫ్ నమ్మకం.

స్పానర్ లేచి, మళ్ళీ కూర్చున్నాడు. "ఆ లిస్టులో స్కూల్ వ్యాన్లు కూడా ఉన్నాయా సార్?"

చీఫ్ తల దించుకున్నాడు. స్పానర్ అక్క నడిపేది స్కూల్ వ్యానే. పదకొండింటికి నర్సరీ పిల్లల్ని ఇళ్ళకి దింపుతూ ఉంటుంది. స్పానర్ పదేపదే ఫోన్ చేశాడు, ఎత్తలేదు. మా అక్క డ్యూటీలో ఫోన్ ముట్టుకోదని ఊరంతా గొప్పలు చెప్పుకున్న మనిషి, ఇవాళ ఆ క్రమశిక్షణని నోరారా తిట్టుకున్నాడు.

పదిన్నరకి షాపింగ్ మాల్ పార్కింగ్‌లో ఆఫీసు కారు ఆపాడు. వేషం పార్సిల్ డెలివరీ వాడిది. కోకిల వచ్చింది. నల్ల కళ్ళద్దాలు, ఎర్ర హీల్స్, ఆమడ దూరం కొట్టే సెంటు. రహస్యంగా రావాల్సిన మనిషి పార్కింగంతా మెడ తిప్పి చూసేలా వచ్చింది. మన గూఢచర్యం ఇలా ఏడ్చింది.

"పార్సిల్ తడిసిందా?" అని సంకేతం అడిగింది.

"లోపల పొడిగానే ఉంది," అన్నాడు.

ఆమె ఎక్కి తలుపు వేసుకుంది. అంతే, నాలుగు తాళాలూ టక్కున పడ్డాయి. కారు దానంతటదే కదిలింది. ఫోన్‌లో సిగ్నల్ పోయింది.

"సారీ స్పానర్," అంది. "ఈ బండికి అప్‌డేట్ పొద్దున్నే వేసేశారు. చౌరస్తా దగ్గర ముఠా వాళ్ళు నన్ను దింపుతారు. నువ్వు మాత్రం ముందుకెళ్తావు."

చౌరస్తా వచ్చింది, పోయింది. కారు ఆగలేదు.

ఆమె స్క్రీన్ మీద దబదబా బాదింది. "ఏయ్, ఆపండి! నేనింకా లోపలే ఉన్నాను!"

"మీ సేవలకు కృతజ్ఞతలు," అంది స్క్రీన్ ఎంతో మర్యాదగా.

స్పానర్ బ్రేకు తొక్కాడు. దిండు తొక్కినట్టు మెత్తగా దిగిపోయింది. స్టీరింగ్ అతని చేతుల్లోనే దానిష్టం వచ్చినట్టు తిరుగుతోంది. మోచేత్తో అద్దం పొడిస్తే మోచేయే వాచింది. మ్యాప్‌లో నీలం గీత కట్టడం సగంలో ఆగిన ఫ్లైఓవర్ దాకా వెళ్ళి ఆగింది. స్పీడు ఎనభై. టైము పది యాభై రెండు. చావు సంగతి సరే, తన చావు కబురు చేరేలోపే అక్క బండి కూడా ఇలాగే తాళాలు వేసుకుంటుంది.

ఒక్క వైరు మాత్రం ఈ దొంగలకి అందదు. మూడేళ్ళ కిందట ప్రభుత్వం ఒక రూలు పెట్టింది. ఎయిర్‌బ్యాగూ, ప్రమాదం కబురు పంపే సిమ్మూ కారు కంప్యూటర్‌తో కలవకూడదు. ఎయిర్‌బ్యాగు విచ్చుకుంటే మోటారుకీ కంప్యూటర్‌కీ కరెంటు కట్ అయిపోవాలి. ఖర్చని కంపెనీలు లబోదిబోమన్నాయి. డోరు లోపలి సెన్సర్ గట్టిగా తంతే కూడా మోసపోతుందని స్పానర్‌కి తెలుసు. షెడ్డులో ఓసారి అలా తన్ని మూతి పగలగొట్టుకున్నాడు.

"కాళ్ళెత్తు. మూడు అనగానే నీ డోరు నువ్వు తన్ను, నాది నేను తంతాను."

"హీల్స్ తీసెయ్యనా?"

"ఉంచుకో తల్లీ. ఇవాళైనా పనికొస్తాయి."

ఒక తన్ను. ఏం కాలేదు. రెండో తన్ను పడేసరికి కారు ఫ్లైఓవర్ ఎక్కింది. మూడో తన్నుకి కోకిల వైపు ఎయిర్‌బ్యాగు ఢామ్మని పేలింది. కారంతా తెల్లటి పొడి. స్క్రీన్ ఆరిపోయింది. స్పానర్ రెండు కాళ్ళతో బ్రేకు మీద నిలబడ్డాడు. ఈసారి పెడల్ రాయిలా బరువుగా ఉంది, కానీ మాట విన్నది. కాంక్రీటు అంచు మూరెడు దూరంలో ఉందనగా కారు ఆగింది.

నెత్తి మీద చిన్న స్పీకర్ మాట్లాడింది. "అత్యవసర సేవా కేంద్రం. ప్రమాదం జరిగిందాండీ?"

"జరిగింది! రవాణా శాఖ సైబర్ చీఫ్‌కి కలపండి, తొందరగా!"

"ముందు వాహనం రంగు చెప్పండి సార్."

"తెలుపు!"

"ముత్యం తెలుపా, మామూలు తెలుపా?"

"నీకు పుణ్యముంటుంది, కలుపమ్మా!"

చీఫ్ గొంతు వినిపించేసరికి పది యాభై తొమ్మిది. స్పానర్ కోకిల వైపు తిరిగాడు. "నంబరు చెప్పు."

"చెప్తే నన్ను అరెస్టు చేస్తావా?"

"చేస్తాను."

"వదిలేస్తానని అబద్ధమైనా ఆడొచ్చుగా!"

"టైము లేదు. మా అక్క బండిలో పద్నాలుగు మంది పిల్లలున్నారు."

కోకిల కళ్ళద్దాలు తీసింది. ఎదురుగా ఉన్న అంచునే చూస్తూ ఆరు అంకెలూ చెప్పింది. అవతల కీబోర్డు టకటకలాడింది.

"ఆగింది," అన్నాడు చీఫ్. "ఇంకో సెకను ఆలస్యమైతే..."

పోలీసులొచ్చి తలుపులు విరగ్గొట్టి కోకిలని తీసుకెళ్ళారు. స్పానర్ ఫ్లైఓవర్ మీద చతికిలబడి ఉండగా ఫోన్ మోగింది. అక్క.

"ఏంట్రా అన్ని మిస్డ్ కాల్సు? ఇప్పుడే ఆఖరి పిల్లాణ్ణి దింపాను. కొంపలేమైనా మునిగాయా?"

"బండి బాగానే ఉందా అక్కా?"

"బండికేం, గుండ్రాయిలా ఉంది. పదకొండింటికి ఏదో అప్‌డేట్ వస్తుందన్నారు, దాని జాడే లేదు. మీ గవర్నమెంటోళ్ళు చెప్పిన టైముకి ఒక్క పనైనా చేసి చచ్చారురా ఎప్పుడైనా?"

స్పానర్‌కి నవ్వు, ఏడుపు ఒక్కసారే వచ్చాయి.

"లేదక్కా," అన్నాడు. "ఈ ఒక్కసారికి క్షమించెయ్."