చెత్తబుట్టలో చావని కలర్‌మేట్

"గూళ్ళు ఆరినాయా?" కోడ్ వాక్యం అడిగాడు సురేంద్ర.

"పురుగు ఇంకా లోపలే ఉండాది," అన్నాడు ముసలి బ్రోకరు వక్కాకు నములుతూ.

కోడ్ సరిపోయింది. హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్లో, ఆ మాసిన తలపాగా కింద ఉన్నది సాక్షాత్తూ గూఢచారి శాఖలో సురేంద్ర సెక్షన్ చీఫ్. ఆయన వేషం కడితే కన్నతల్లి కూడా గుర్తుపట్టక బేరమాడుతుంది. పశువుల బేరగాళ్ళలా టవల్ కింద చెయ్యి కలిపాడు. ధర్మవరం పాసింజరు టికెట్టు సురేంద్ర అరచేతిలోకి జారింది.

"ధర్మవరం. బయట చీరల డిజైన్ సెంటర్ అని బోర్డు. లోపల మన సైన్యానికి పారాచూట్ గుడ్డ డిజైన్. ఆ కంప్యూటర్‌లో ఎవరో కలర్‌మేట్ అనే ప్రోగ్రామ్ వేయించారు. దారాల రంగులు చూపిస్తుందని సీడీ ఉచితంగా ఇచ్చారు. విదేశీ ముఠా సరుకు."

"తీసేశారా?"

"తీసేశామనుకుంటున్నారు. తోకలు, అంటే దాని ముక్కలు, లోపల మిగిలిపోయాయి. అవి మేలుకుంటే డిజైన్‌లో పోగుల లెక్క మార్చేస్తాయి. ఇవాళ ఆయుధపూజ కాగానే ఆ కంప్యూటర్ నుంచే జకార్డు అట్టలు, అంటే ఏ పోగు ఎత్తాలో మగ్గానికి చెప్పే చిల్లుల అట్టలు, కొడతారు. లెక్క తప్పితే గుడ్డ గాల్లోనే చిరుగుతుంది."

"డిజైన్‌కి కాపీ ఉందా?"

"రహస్యమని ఒక్కటే ఉంచారు. అతితెలివి! ఫార్మాట్ చేస్తే డిజైనే పోతుంది. తోకలు మాత్రమే తియ్యాలి. పెనుకొండలో మన టెక్నికల్ ఆఫీసర్ అశ్విని ఎక్కుతుంది. ఇంకోమాట, మన సెక్షన్‌లో ఒకరు అమ్ముడుపోయారు. ఎవరో తెలియదు." చీఫ్ గొంతు తగ్గించాడు. "ఆ పారాచూట్లతో మొదట దూకే దళంలో మీ తమ్ముడు వేణు ఉన్నాడు."

సురేంద్ర టికెట్టు పిడికిట్లో బిగించి స్టేషన్‌కి పరుగెత్తాడు.

పాసింజరు రైలు నత్తతో పందెం వేసుకున్నట్టు నడిచింది. సురేంద్ర కూర్చోలేడు, నిలబడలేడు. తలుపు దగ్గరికి వెళ్ళాడు, తిరిగొచ్చాడు, మళ్ళీ వెళ్ళాడు. చిన్నప్పుడు మిద్దె మీది నుంచి గొడుగు పట్టుకుని దూకి కాలు విరగ్గొట్టుకున్న వేణు కళ్ళముందు మెదులుతున్నాడు. వాడి గురించిన భయమే తప్ప దేశం సంగతి ఆ గంటలో అతనికి గుర్తు రాలేదు.

పెనుకొండలో అశ్విని ఎక్కింది. నల్లకళ్ళద్దాలు, షిఫాన్ చీర, లిప్‌స్టిక్‌లో కెమెరా. రైలుపెట్టె మొత్తం ఆమె వైపు ఒక్కసారి తిరిగి చూసింది. రహస్య ఏజెంటంటే ఇలా ఉండాలా అని సురేంద్రకి ఒళ్ళు మండింది.

"కంగారుపడకండి," అంది చేతిలో సీడీ ఆడిస్తూ. "మన ల్యాబ్ తయారుచేసిన క్లీనర్. ఒక్క క్లిక్ చాలు."

ధర్మవరం సెంటర్లో పూజ జోరుగా సాగుతోంది. మానిటర్‌కి చేమంతి దండ, సీపీయూకి పసుపు కుంకుమ, కీబోర్డు మీద అక్షింతలు. డిజైన్ మాస్టర్ నల్లప్ప చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"దాన్ని నేనే తీసేస్తిని సార్. ఫోల్డర్ పట్టుకోని చెత్తబుట్టలోకి ఏస్తి. బుట్ట గూడా ఖాళీ చేస్తి. ఇంగ యాడుంటాది?"

"గడ్డి పైపైన కోస్తే వేరు పోతుందా నల్లప్పా? కంట్రోల్ ప్యానెల్ నుంచి అన్‌ఇన్‌స్టాల్ చెయ్యాలి. అప్పుడు కూడా అడుగూబొడుగూ వెతకాలి," అన్నాడు సురేంద్ర.

ఇంతలో నల్లప్ప భార్య రామలక్ష్మమ్మ, లారీ టైరు కింద పెట్టినట్టు, మౌస్ కింద నిమ్మకాయ పెట్టి అరచేత్తో ఒక్క నొక్కు నొక్కింది. రసం కారి మౌస్ లోపలికి పోయింది.

"ఏందమ్మా ఈ పని!" ఉలిక్కిపడ్డాడు సురేంద్ర.

"బండైతేనేమి, కంప్యూటరైతేనేమి? దిష్టి దిష్టే గదప్పా!"

హారతి అయింది. గుమ్మం దగ్గర గుమ్మడికాయ కొట్టడానికి సురేంద్ర, అశ్విని తప్ప అందరూ బయటికి నడిచారు. అశ్విని సీడీ పెట్టింది. తెరమీద పెద్ద జాబితా పరుచుకుంది. ప్రతి పేరు పక్కనా టిక్కు, కింద ముప్ఫై నుంచి వెనక్కి నడిచే అంకెలు. సున్నా వస్తే అన్నీ వాటంతటవే తుడిచిపెట్టుకుపోతాయి.

సురేంద్ర జాబితా మీద కళ్ళు పరుగెత్తించాడు. కలర్‌మేట్ పేర్లు నాలుగైదే. తక్కినవన్నీ జకార్డు ప్రోగ్రామ్‌వి, డిజైన్‌వి!

అతను పుట్టింది ధర్మవరంలో, మగ్గం గుంత పక్కన. చీర కోశాక మగ్గం మీద మిగిలిన పాత పోగుల కొసలకే కొత్త నిలువు పోగుల అచ్చు అతుకుతారు. చిన్నప్పుడు చెత్త అనుకుని ఆ కొసలు కత్తిరించబోతే నాయన చేతిమీద ఒక్కటిచ్చాడు. "మిగిలిందంతా చెత్త కాదురా. ఏది దేనికి ఆధారమో చూసి కొయ్యి!" ఆ దెబ్బ ఇప్పుడు చురుక్కుమంది.

"ఇది క్లీనర్ కాదు," అన్నాడు. "తోకల వంకతో మన డిజైన్‌నే కోసేసే కత్తి."

"ఆలస్యంగా కనిపెట్టారు." షిఫాన్ చెంగు చాటున పిస్తోలు అతని వీపుకి తగిలింది. "చేతులు పైకి. నేను మీ సెక్షన్ జీతగత్తెనే. కాకపోతే ఇంకో చోట కూడా జీతం ఉంది."

పన్నెండు. పదకొండు.

బయట గుమ్మడికాయ ఫెడీల్మని పగిలింది. "సార్, అట్టలు కొట్టేవాడు తొందర పెడతాండాడు!" అంటూ నల్లప్ప లోపలికి రాబోయాడు. అతన్ని ఆపడానికి అశ్విని గుమ్మం వైపు రెండడుగులు వేసింది. కుంకుమ కలిసిన గుమ్మడి గుజ్జు మీద ఆమె హైహీల్ పడింది. ఆ తర్వాత ఆమే పడింది. పిస్తోలు హారతి పళ్ళెంలోకి ఎగిరింది. లేవబోతే, నల్లప్ప వెనకే వచ్చిన రామలక్ష్మమ్మ ఆమె మీద చక్కగా కూర్చుంది. ఆ బరువుకి విదేశీ ట్రైనింగ్ పనికిరాలేదు.

ఐదు. నాలుగు.

మౌస్ కదలదు. నిమ్మరసం మహిమ! సురేంద్ర కీబోర్డు మీది అక్షింతలు ఊదేసి ట్యాబ్ నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. తెరమీది చుక్కల గీత 'క్యాన్సిల్' మీదికి వచ్చింది. ఎంటర్!

అంకె ఒకటి దగ్గర ఆగిపోయింది.

తొందరపాటు అక్కడితో సరి. సీడీ తీసి, కంప్యూటర్ ఆపి మళ్ళీ వేస్తూ ఎఫ్-ఎయిట్ నొక్కి, అత్యవసరమైనవే నడిచే సేఫ్ మోడ్‌లో తెరిచాడు. అందులో తోకలు మేలుకోవు. ముందు డిజైన్‌కి ఇంకో ఫోల్డర్‌లో కాపీ తీశాడు. తర్వాత రిజిస్ట్రీకి, అంటే కంప్యూటర్ తన లోపలి సంగతులన్నీ దాచుకునే చోటుకి, బ్యాకప్ తీశాడు. కలర్‌మేట్ పేరు వెతికి, ఒక్కొక్కటీ చదివి, దానిదే అని తేలితేనే తీశాడు. అనుమానం ఉన్నదాన్ని ముట్టుకోలేదు. స్టార్టప్‌లో దాక్కున్న చివరి తోకనీ లాగేసి మామూలుగా రీస్టార్ట్ చేశాడు.

నల్లప్ప తెరమీద పోగులు లెక్కపెట్టాడు. "సరిపోయినాయి సార్. ఒక్క పోగు గూడా పోలేదు."

సురేంద్ర కుర్చీలో కూలబడ్డాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోబోయి, చేతికి నిమ్మరసం ఉందని ఆలస్యంగా తెలుసుకున్నాడు.

ఎర్రబడిన కళ్ళతోనే ఎస్‌టీడీ బూత్‌కి వెళ్ళి చీఫ్‌కి ఫోన్ చేశాడు.

"డిజైన్?"

"భద్రం సార్. అట్టలు కొడుతున్నారు."

"అశ్విని?"

"పోలీసు జీపులో ఉంది."

"ఆడ తోకలేమైనా మిగిలినాయా అబ్బీ?" వేషం ఇంకా విప్పినట్టు లేదు చీఫ్.

"ఒక్క హైహీల్ చెప్పు మిగిలింది సార్. ఇవ్వమని అడిగాను. దిష్టి తగలకుండా దాన్ని రామలక్ష్మమ్మ గారు అప్పుడే కంప్యూటర్‌కి కట్టేశారు."