బాడీ రెడీ, చేతులు వేరే

“మేడం, బాడీ రెడీ ఉండాది. చేతులు వేరే తీసి పెట్టినా. గురువారం మెడ కత్తిరించి పని ముగించేస్తా.”

చీఫ్ రాఘవేంద్ర రికార్డింగ్ ఆపాడు. హూడిలో ఒక పీజీ హాస్టల్ పై అంతస్తులో ఉంది వాళ్ళ ఆఫీసు. బయట బోర్డు మీద మాత్రం ‘వాటర్ ప్యూరిఫయర్ సర్వీస్ సెంటర్’ అని ఉంటుంది.

“ఈ రోజే గురువారం. ఎవర్ని చంపబోతున్నారో ఆ ముసలాడు మూడు రోజులుగా చెప్పడం లేదు. సాయంత్రం ఐదుకి హత్యా కుట్ర కింద ఛార్జ్ చేసి ఢిల్లీ టీమ్‌కి అప్పగిస్తున్నాం. నీ ట్రాన్స్‌లేషన్ మీదే కేసు నిలబడింది మునీంద్రా. గుడ్ వర్క్.”

ఏజెంట్ మునీంద్ర తల ఊపాడు.

రికార్డింగ్‌లోని గొంతు వర్తూరులో నలభై ఏళ్ళుగా సూట్లు కుడుతున్న సొన్నప్పది. ఫోన్ ఎత్తింది చైత్ర. కుందలహళ్ళిలో ఒక పెద్ద హోటల్‌కి గెస్ట్ రిలేషన్స్ మేనేజర్. అక్కడ దిగిన వాల్టర్ క్రెస్ అనే విదేశీ ముఠా నాయకుడికి దుభాషి. ఈ డిపార్ట్‌మెంట్‌కి ఇన్ఫార్మర్ కూడా. ఎవరికి ఎంత నిజం చెబుతుందో ఆమెకే తెలియాలి. క్రెస్ గురి ఒక రక్షణ ప్రయోగశాల రాడార్ కోడ్ మీద. దానికి అడ్డొచ్చిన వాళ్ళెవరినో లేపెయ్యబోతున్నారని డిపార్ట్‌మెంట్ అనుమానం. టైలర్ షాపు ముసుగు మాత్రమేనని నమ్మకం.

యూనిట్‌లో కన్నడం కలిసిన ఆ సరిహద్దు తెలుగు తెలిసినవాడు మునీంద్ర ఒక్కడే. సోమవారం మొదటిసారి వినగానే అతనికి అర్థమైంది. బాడీ అంటే కోటు మొండెం. చేతులంటే స్లీవ్స్. మెడ అంటే కాలర్ పెట్టే చోటు. అతని తండ్రి అంజినప్ప చిక్కపేటలో జీవితమంతా సూట్లకు కాజాలు కుట్టాడు. ఉద్యోగం అప్లికేషన్‌లో మునీంద్ర ‘టెక్స్‌టైల్ బిజినెస్’ అని రాసుకున్నాడు. ఇది దర్జీ మాట సార్ అంటే, నీకెలా తెలుసు అంటారు. ఆ ఒక్క ప్రశ్నకు భయపడి పదానికి పదం పెట్టి ఇంగ్లీషులో రాసి సంతకం చేశాడు. పైవాళ్ళు సరిచూసుకుంటారులే అనుకున్నాడు. ఎవరూ చూసుకోలేదు.

“ఐదులోపు నేనొకసారి అతనితో మాట్లాడతాను సార్.”

“ట్రై చెయ్.”

టైం రెండున్నర.

వెనక గదిలో సొన్నప్ప ప్లాస్టిక్ కుర్చీలో ముడుచుకుని కూర్చుని ఉన్నాడు. డెబ్బై దాటిన మనిషి. కళ్ళజోడు లాగేసుకున్నారేమో, కళ్ళు చిట్లించి మునీంద్ర కోటు వైపే చూశాడు.

“రెడీమేడా అప్పా?”

“అవును.”

“ఇనుప తీగ హ్యాంగర్‌కి తగిలిస్తా ఉండావు. భుజాల మీద బొడిపెలు లేచి ఉండాయి చూడు. వెడల్పు కొయ్య హ్యాంగర్ కొనుక్కోగూడదా?”

మునీంద్ర ఇంకో కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. “మీరు క్రెస్‌కి కుడుతున్న సూటు సంగతి చెప్పండి పెద్దాయనా.”

“మూడు దినాలుగా ఇంకేం చెప్తాండా? బాడీ అంటే కోటు సామీ అంటే, ఆ సార్లు కొడతారేమో అన్నట్టు చూస్తారు.” ముసలాయన గొంతు తగ్గించాడు. “ఆ దొర విచిత్రం మనిషప్పా. ఒకే బట్ట, ఒకే కొలత, మూడు కోట్లు. రెండు ఇచ్చేసినా. మంచి ఉన్ని బట్ట. వేసినాక బ్రష్ కొట్టండి, ఒక దినం రెస్టు ఇయ్యండి, ఏడాదికి రెండు మూడు సార్లకి మించి డ్రై క్లీనింగ్ వద్దు అని ఆ మేడంకి చెప్పినా. ఆయమ్మ నగి, మా సారు రోజూ లాండ్రీకే వేస్తాడు అనింది. రోజూ ఆ కెమికల్‌లో ముంచితే బట్ట సచ్చిపోదా?”

మునీంద్ర లేచి నిలబడ్డాడు. ఒకటి ఒంటి మీద ఉంటే, రెండోది రాడార్ కోడ్ మోసుకుని లాండ్రీ దారిలో దేశం దాటినా ఎవరూ వెతకరు. క్రెస్‌కి సూటు మీద ప్రేమ లేదు. లాండ్రీ మీద ఉంది.

“మీది యా ఊరప్పా? మా మాటే మాట్లాడతా ఉండావు.”

“ఈ పక్కే,” అని మునీంద్ర బయటికి నడిచాడు.

నాలుగుంబావుకి హోటల్ బేస్‌మెంట్ లాండ్రీలోకి ఒక దర్జీ వచ్చాడు. మెడలో టేపు, చెవి మీద సుద్దముక్క, చంకలో సూదుల డబ్బా. గేటు దగ్గర గార్డు ఆవులప్ప ఆపాడు.

“యారప్పా నువ్వు?”

“గుండీలు, కాజాలు రిపేరు అన్నా. పైనుంచి పిలిచినారు.”

“పో. ఆ సూపర్‌వైజర్ నోటికి మాత్రం చిక్కొద్దు.”

మునీంద్ర ఎన్నో వేషాలు వేశాడు. తండ్రి వేషం వేయడం మాత్రం ఇదే మొదటిసారి.

క్రెస్ కోటు ప్లాస్టిక్ కవర్‌లో వేలాడుతోంది. ట్యాగ్ మీద ‘ఎయిర్‌పోర్ట్, 4:30’. వేలికి తొడిగిన ఇత్తడి టోపీలో స్కానర్ ఉంది. దాన్ని కోటంతా తిప్పాడు. స్కానర్ మూగగా ఉండిపోయింది. నాలుగు ఇరవై ఆరు. అప్పుడు టోపీ తీసేసి ఉత్త వేళ్ళతో తడిమాడు. కాలర్ కింద ఎడమ మడత మీద పూలు పెట్టుకునే కాజా దగ్గర వేలు ఆగింది. సొన్నప్ప కాజాలో ముడి ముడికీ ఒకే దూరం. ఇక్కడ చివరి నాలుగు ముడులు మాత్రం వదులు. ఎవరో విప్పి మళ్ళీ కుట్టారు.

“బాగా పట్టేశావ్.”

చైత్ర తలుపుకి ఆనుకుని ఉంది. మెరూన్ చీర, చెవిలో ఇయర్‌పీస్, చేతిలో చిన్న పిస్టల్.

“ఆ ఫోన్ నాకే వచ్చింది కదా,” అంది. “అది సూటు గురించేనని నాకు తెలుసు.”

“తెలిసి ఒక ముసలాయన్ని జైల్లో పెట్టించావా? ఎందుకు చెప్పలేదు?”

“మీవాళ్ళు అతని వెంట పడితే క్రెస్‌కి పని ఈజీ. నాకు ఇద్దరి దగ్గరా మంచి పేరు. సింపుల్.” ఆమె తల పక్కకు వంచింది. “ఆ టేప్ నువ్వే ట్రాన్స్‌లేట్ చేశావని విన్నాను. కాజాని అలా తడిమేవాడికి అది అర్థం కాలేదంటే నేను నమ్మను. నువ్వెందుకు చెప్పలేదు?”

మునీంద్ర సూదుల డబ్బాలోంచి బ్లేడు తీశాడు. బయట వ్యాన్ హారన్ కొట్టింది. నాలుగు ఇరవై తొమ్మిది.

“కాల్చేదుంటే కాల్చు,” అని బ్లేడుతో నాలుగు ముడులూ తెంపాడు. కాజా లోపలి నుంచి గోరంత ఫిల్మ్ ముక్క జారి అరచేతిలో పడింది. రాడార్ కోడ్.

చైత్ర రెండు క్షణాలు ఆలోచించి పిస్టల్ హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకుంది. “క్రెస్ లాబీలో ఉన్నాడు. నేనే పట్టించానని రాసుకో. ఈ రోజుకి మీ వైపే.”

నాలుగు యాభై రెండుకి ఫోన్‌లో రాఘవేంద్ర గొంతు హుషారుగా ఉంది. “క్రెస్ దొరికాడు. సూపర్. టైలర్‌ని వదిలేస్తున్నాం. టేప్ క్వాలిటీ బాగాలేదని రాసేద్దాం. అయినా కాజాలో ఉందని నీకెలా తెలిసింది?”

“మా నాన్న కాజాలు కుట్టేవాడు సార్. టేప్ బాగానే ఉంది. అది దర్జీ మాటని నాకు సోమవారమే తెలుసు. తెలిసే అలా రాశాను. రిపోర్టులో అదే రాయండి.”

రాఘవేంద్ర గొంతులో హుషారు పోయింది. “రేపు పొద్దున నా క్యాబిన్‌కి రా.”

ఆరు గంటలకు వర్తూరులో మునీంద్ర తన జీపులోనే సొన్నప్పను షాపు ముందు దింపాడు. లోపల అతని భార్య పుష్పావతి భర్తకు షాపులో ఉన్న పాత కళ్ళజోడు అందించి, మునీంద్ర వైపు చూడకుండా వెళ్ళిపోయింది.

“పెద్దాయనా, ఆ మాటలు తప్పుగా రాసింది నేనే. తెలిసే రాసినాను. నేను కాజా అంజినప్ప కొడుకుని.”

సొన్నప్ప కళ్ళజోడు తుడుచుకుని అతన్ని కింది నుంచి పైదాకా చూశాడు.

“చిక్కపేట అంజినప్పా? ఆయన చెయ్యి బంగారం. కొడుకుకి ఈ కోటా?” గోడకున్న టేపు తీశాడు. “విప్పు దాన్ని. చూస్తే నాకు కండ్లు నొస్తా ఉండాయి. ఇట్లా వచ్చి నిలబడు.”

“అంటే నన్ను క్షమించినట్టేనా?”

“అది వేరే. ఇది కొలత.” భుజం మీద టేపు పెట్టి ముసలాయన విసుక్కున్నాడు. “తల ఎత్తి నెట్టగా నిలబడప్పా. తలకాయ దించుకుంటే కొలత తప్పు వస్తాది.”

ఆ కొలత మూడుసార్లు తీయాల్సి వచ్చింది.